మూడోసారి కూడా రంగు గీకేయమంటారా?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. కావలిలో ఉంటాం, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. విమానాల స్కేల్ మోడల్స్ చేయడం నా సరదా. మా మేనమామ ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేరి మిగ్-21ల మీద ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యారు. నాకు పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. 2025 సెప్టెంబర్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పిన రోజు టీవీ ముందు నుంచి లేవలేదు. ఆయనకి ఇద్దామని 1/48 స్కేల్‌లో మిగ్-21 ఎఫ్ఎల్ మొదలుపెట్టాను. ఇప్పటికి రెండుసార్లు సిల్వర్ రంగు వేసి, రెండుసార్లూ గీకేశాను, ఇప్పుడున్నది మూడో కోటు. బాడీ రెండు సగాలు కలిసిన చోట గీత కనబడుతూనే ఉంది. రంగు గరుగ్గా వస్తోంది. డీకల్స్ (నీళ్ళలో నానబెట్టి అతికించే గుర్తులు) వేసి చూస్తే వాటి కింద తెల్లగా మెరుస్తోంది. క్యానోపీకి (పైలట్ సీటు మీది పారదర్శకమైన మూతకి) లోపల పొగ పట్టినట్టయింది. ముక్కులో బరువు కోసం సీసం గుళ్ళు ఫెవికాల్‌తో అతికించాను, అది తప్పని ఇప్పుడు అంటున్నారు. మామయ్య ఒకసారి చేతిలోకి తీసుకుని, "బాగుందిరా అబ్బయా, కానీ మా మిగ్గు ఇట్ట ఉండదే" అని పక్కన పెట్టేశారు. ఆ మాట పట్టుకుని పుస్తకాలు, ఫొటోలు, విడిగా అమ్మే ఇత్తడి భాగాలు అన్నీ తెప్పించాను. విప్పని పెట్టెలు ఇంట్లో పదకొండు ఉన్నాయి. థిన్నర్ వాసనకి మా ఆవిడతో రోజూ గొడవ. తొమ్మిదేళ్ళ మావాడు దాన్ని ఎగరేస్తానంటాడు. వేరేవాళ్ళు చేసిన మోడల్స్ ఫొటోల్లో చూస్తే నా చేతులు దండగ అనిపిస్తోంది. మూడోసారి గీకి మొదలుపెట్టనా, ఈ సరదానే మానుకోనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు:

గీకకండి. వాటర్ పేపర్ పక్కన పెట్టి, ముందు మామయ్య దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అడగండి: "మామా, మీరు పనిచేసిన మిగ్ ఏ రంగులో ఉండేది?"

మీ ఉత్తరం మొత్తంలో ఆ ప్రశ్న అడిగిన జాడ ఎక్కడా లేదు. ఆయన "మా మిగ్గు ఇట్ట ఉండదే" అన్నారు. మీరు దాన్ని మీ పనితనానికి వేసిన మార్కులనుకున్నారు. ఉప్పరాళ్ళలా పుస్తకాలు మోసుకొచ్చారు, ఇత్తడి సీటు బెల్టులు తెప్పించారు. "ఎట్ట ఉండేది మామా?" అని మాత్రం అడగలేదు. అల్లుడు అడగడు, మామ చెప్పడు. మన ఇళ్ళలో ఇది మామూలే అనుకోండి.

నేనెందుకు రంగు గురించే అడగమంటున్నానో చెబుతాను. మన ఎఫ్ఎల్‌లు, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు టైప్ 77 అనేవి, మొదట్లో మెరిసే లోహపు రంగులోనే ఉండేవి. 1971 యుద్ధం ముంచుకొచ్చేసరికి వాటిని నేల మీద కనబడకుండా దాచాలి కాబట్టి స్క్వాడ్రన్ల దగ్గరే ఆదరాబాదరాగా ఆకుపచ్చ, మట్టి రంగులు పూశారు. ఒక స్క్వాడ్రన్ విమానం మరో స్క్వాడ్రన్ విమానంలా ఉండదు. ఆ తర్వాతి ఏళ్ళలో కొన్ని రంగులతో, కొన్ని మళ్ళీ వెండిలా, ఇలా కలగాపులగంగా కనిపిస్తాయి పాత ఫొటోల్లో. కాబట్టి మీ మామయ్య చేతుల మీదుగా వెళ్ళినవి ఏ అవతారంలో ఉండేవో పుస్తకం చెప్పలేదు. ఆయనే చెప్పాలి. పెట్టె మీద బొమ్మ వెండి రంగులో ఉంది కదా అని మీరు వెండి వేశారు. ఆయన మనసులో ఉన్నది పచ్చ మిగ్ అయితే, మీరు ఎంత నున్నగా చేసినా ఆయన అదే మాట అంటారు.

ఒకవేళ ఆయన నోట పచ్చ రంగు మాటే వస్తే మీ పంట పండినట్టే. మీరు నెత్తీనోరూ కొట్టుకుంటున్న సిల్వర్ కోటు మొత్తం అండర్‌కోటుగా పనికొస్తుంది. దాని మీద ఆకుపచ్చ, మట్టి రంగులు పల్చగా వేసి, ఆరాక మెకానిక్కుల చేతులు, మోకాళ్ళు పడే చోట్ల టూత్‌పిక్‌తో కొంచెం కొంచెంగా గోకితే కింద వెండి బయటపడుతుంది. లోహం మీద తర్వాత పూసిన రంగు లేచేది కూడా సరిగ్గా అలాగే. మెరుపు లేని మాట్ రంగు కింద అతుకు గీత సగానికి సగం మరుగున పడుతుంది. వెండి రంగు ఎంత చాడీకోరుదో తెలుసుగా, గోరు గీత పడినా ఊరంతా చెబుతుంది. మాట్ పచ్చ అంత కఠినం కాదు.

అడిగేటప్పుడు మాత్రం "ఎలా ఉంది మామా?" అని అడగొద్దు. పెద్దవాళ్ళు "బాగుంది" అని చేయి దులుపుకుంటారు. పనివాణ్ణి పని గురించి అడగండి. నిచ్చెన ఎటువైపు వేసేవారు? రోజూ విప్పే మూతలు ఏవి, ఏళ్ళకోసారి విప్పేవి ఏవి? రెక్క మీద ఎక్కడ కాలు పెట్టొచ్చు, ఎక్కడ పెడితే ఇంజనీరు తిట్టేవాడు? కిరోసిన్ గానీ నూనె గానీ కారి చారలు పడేది ఎక్కడ? పొట్ట కింద పడుకుని పనిచేస్తే ముఖానికి ఎదురుగా ఏముండేది? మోడల్ ఆయన చేతిలో పెట్టి, వేలితో చూపించమనండి. పక్కన పెన్సిలు, కాగితం ఉంచుకోండి. మీరు తెప్పించిన పుస్తకాల్లో ఫొటోలన్నీ విమానం బయట నిలబడి తీసినవి. పొట్ట కింద పడుకున్నవాడు చూసింది వాటిలో దొరకదు.

సరే, ఆయన "వెండిదే" అన్నారనుకుందాం. అప్పుడు మీకు కాస్త కష్టమే, కానీ దారుంది.

ముందు ఆ అతుకు గీత సంగతి. పుట్టీ పెట్టిన రోజే గీకేస్తున్నారని నా అనుమానం. పుట్టీ ఆరేకొద్దీ కుంగుతుంది. ఇవాళ నున్నగా చేసిన చోట వారం తర్వాత సన్నటి లోయ కనబడుతుంది, దాని మీద సిల్వర్ పడగానే మళ్ళీ గీత. రెండు సగాలను, ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే పల్చటి మోడల్ సిమెంట్‌తో కలిపినప్పుడే గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ కొంచెం పైకి పొంగుతుంది. దాన్ని రెండు మూడు రోజులు అలా వదిలేసి అప్పుడు గీకితే చాలాచోట్ల పుట్టీ అవసరమే రాదు. మీ మోడల్‌కి ఆ దశ దాటిపోయింది కాబట్టి, గీత ఉన్న చోట మాత్రం ఫెవిక్విక్ సన్నగా పారించండి. అది కుంగదు. కానీ గంటలోపే గీకేయాలి, మర్నాటికి రాయై కూర్చుంటుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరుగుతుంది గానీ అది అరగదు.

తర్వాత వాటర్ పేపర్, నంబర్ పెరిగేకొద్దీ నున్నన. 400తో మొదలుపెట్టి నేరుగా 1500కి దూకేస్తే ఏమవుతుందో చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పట్టే ఎవర్నడిగినా చెబుతారు. మధ్యలో ఒక నంబర్ ఎగ్గొడితే, పైన అద్దంలా మెరుస్తున్నా కింద పాత గీతలు అలాగే ఉండిపోతాయి. 400, 600, 800, 1000, 1500, 2000. అన్నీ నీళ్ళతో, ప్రతి నంబర్‌కీ రుద్దే దిక్కు మారుస్తూ. దిక్కు మారిస్తే పాత గీతలు పోయాయో లేదో ఇట్టే తెలుస్తుంది. దాని మీద నల్లటి గ్లాసీ (నిగనిగలాడే) కోటు ఒకటి వేయండి. వెండి రంగు కిందికి నలుపే మంచి పునాది, పైగా తప్పులన్నీ ఆ నలుపులోనే బయటపడతాయి. దిద్దుకోవాలంటే అప్పుడే. సిల్వర్ వేశాక దిద్దబోతే మీ పాత కథే.

రంగు గరుగ్గా రావడం మీ చేతి తప్పు కాదు, కావలి ఎండ తప్పు. ఎయిర్‌బ్రష్ నాజిల్ నుంచి బయలుదేరిన తుంపర మోడల్‌ని చేరేలోపే గాల్లో సగం ఆరిపోతోంది. చేరేసరికి అది రంగు కాదు, పొడి. అందుకే చేత్తో తడిమితే గరుకు. చలిదేశాల వాళ్ళు రాసిన కొలతలు మన దగ్గర పనిచేయవు. థిన్నర్ పాలు కొంచెం పెంచండి, గాలి ఒత్తిడి తగ్గించండి, మోడల్‌కి దగ్గరగా జరగండి. యాక్రిలిక్ అయితే ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి. అన్నిటికంటే ముఖ్యంగా మధ్యాహ్నం పూట మొదలుపెట్టొద్దు. తెల్లారి ఎండ ముదిరేలోపు కానిచ్చేయండి.

ఎండాకాలంలో ఈ బాధైతే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకో బాధ. నెల్లూరు జిల్లాకి అసలు వానలు అప్పుడే కదా. ఆ తేమలో లక్కర్ గానీ మాట్ వార్నిష్ గానీ వేస్తే తెల్లగా మసకబారిపోతుంది. నెలల పని ఒక్క సాయంత్రంతో మట్టిపాలవుతుంది. కంప్రెసర్‌కి నీటిని పట్టే గిన్నె ఉందా? లేకపోతే ముందు అది కొనండి, ఇత్తడి ముక్కల కన్నా అదే ముఖ్యం. తుపాను కబురు ఉన్న వారంలో వార్నిష్ డబ్బా మూత తీయొద్దు.

ఫ్యాను సంగతి వేరే చెప్పాలి. ఫ్యాను వేస్తే దుమ్ము, పైగా తుంపర ఎటో కొట్టుకుపోతుంది. ఆపితే నుదుటి చెమట చుక్క సరిగ్గా రెక్క మీదే పడుతుంది. నుదుటికి తువ్వాలు బిగించి కట్టుకోవడమే మార్గం. చిన్న భాగాలు పట్టుకునేటప్పుడు కూడా ఫ్యాను ఆపాల్సిందే. ట్వీజర్స్‌లోంచి టప్ మని ఎగిరిన ముక్క టైల్స్ మీద ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి. కింద తెల్ల పంచె పరుచుకుని కూర్చోండి. అయినా పోతే లైట్లన్నీ ఆర్పి, టార్చి నేలకి ఆనించి వెలిగించండి. ఆవగింజంత ముక్కకి కూడా జానెడు నీడ పడుతుంది.

ఇక ఫొటోల్లో వేరేవాళ్ళవి చూసి బాధపడటం గురించి. మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కలోనే చెబుతాను. 1/48 అంటే మీ మోడల్ మీద ఒక మిల్లీమీటరు, నిజం విమానం మీద 4.8 సెంటీమీటర్లు. మిగ్-21 రెక్కల మొత్తం వెడల్పు 7.15 మీటర్లు, మీ బల్ల మీద అది 15 సెంటీమీటర్లకి పిసరు తక్కువ. కిట్‌లో రేకుల మధ్య గీతలు చాలా సన్నగా, అందంగా చెక్కారని మురిసిపోతాం. ఆ గీత మిల్లీమీటరులో మూడో వంతు ఉన్నా, నిజం విమానంలో అది ఒకటిన్నర సెంటీమీటరు సందు. వేలు దూరేంత సందులతో ధ్వనివేగానికి రెండింతలు పోయే విమానం ఎగురుతుందా? మీ మామయ్య అలాంటిదాన్ని సంతకం పెట్టి పైకి పంపుతారా? కంటికి కనబడటం కోసం చెక్కిన గీతలవి. అంటే పెట్టెలోంచి తీసిన క్షణానికే మోడల్ పూర్తిగా నిజం కాదు. దాన్ని ఇత్తడి ముక్కలతో నిజం చేయాలని చూస్తున్నారు మీరు.

ఇంకో లెక్క. మోడల్‌ని అడుగు దూరం నుంచి చూడటమంటే నిజం విమానాన్ని 48 అడుగుల అవతల నిలబడి చూడటం. 2022 డిసెంబర్ 29న అద్దంకి దగ్గర కొరిశపాడు హైవే మీద, అత్యవసరంగా విమానాలు దిగేందుకు సిద్ధం చేసిన చోట ఎయిర్‌ఫోర్స్ మొదటి ట్రయల్ చేసినప్పుడు సుఖోయ్, తేజస్ బాగా కిందికి వచ్చి వెళ్ళాయి. 2024 మార్చిలో ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు అదే చోట దిగి మళ్ళీ లేచాయి. పొలాల గట్ల మీద నిలబడి చూసిన వాళ్ళకి ఏం కనబడి ఉంటుంది? ఆకారం, ఆ వాలు, మీదికొచ్చే తీరు. రివెట్లు ఎవరికీ కనబడవు. మీరు చూస్తున్న ఫొటోలు లెన్సు మోడల్ మీద పెట్టి తీసినవి, సెల్‌ఫోన్ తెరమీద మీరు వేలితో ఇంకా పెద్దవి చేసి చూస్తున్నవి. ఆ దూరంలో మీ మామయ్య ఎప్పుడూ చూడరు. కళ్ళద్దాలు పైకి తోసుకుని, చేయి చాపి పట్టుకుని చూస్తారు. ఆ దూరానికి సరిపోతే చాలు. అన్నట్టు దూరం వల్ల రంగు కూడా పాలిపోతుంది కాబట్టి, నిజం విమానం రంగే తెచ్చి వేస్తే చిన్న మోడల్ మీద అది ముదురుగా కనబడుతుంది. కొంచెం తెలుపు కలిపి వేసేవాళ్ళు అందుకే కలుపుతారు.

అమెరికా, ఇంగ్లండ్ మోడలర్లు దీనికి సరదాగా ఓ జబ్బు పేరు పెట్టుకున్నారు, అడ్వాన్స్‌డ్ మోడలర్ సిండ్రోమ్ అని. పనితనం పెరిగేకొద్దీ కొనే ముక్కలు పెరుగుతాయి, పూర్తయ్యే మోడల్స్ తగ్గుతాయి. మూసేస్తే కనబడని కాక్‌పిట్‌లో సీటు బెల్టు బకిల్స్ కోసం ఆదివారాలన్నీ పోస్తారు. మీకు ఆ జబ్బు మొదటి దశలో ఉంది. పదకొండు పెట్టెలు లక్షణమే గానీ ప్రమాదం కాదు. ఉన్నవాటిలో ఒకటి పూర్తయ్యేదాకా పన్నెండోది కొనొద్దు, అంతే.

డీకల్స్ కింద మెరుపు రావడానికి కారణం గాలి. గరుకు ఉపరితలం మీద డీకల్ పొర ఆనుకోదు, సందుల్లో గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. రంగు మీద ముందు గ్లాసీ కోటు పడాలి, అది పూర్తిగా ఆరాలి, అప్పుడే డీకల్. నానబెట్టడానికి కుళాయి నీళ్ళు వాడొద్దు, మన వైపు ఉప్పు నీళ్ళకి తెల్లటి మరకలు మిగులుతాయి. పెట్రోల్ బంకులో దొరికే బ్యాటరీ నీళ్ళు తెచ్చుకోండి. డీకల్‌ని చోటులోకి జరిపాక దాన్ని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ రాస్తే అది ముడతలు పడి, ఎండిన తమలపాకులా అయిపోతుంది. గుండె గుభేలుమంటుంది. ముట్టుకోకండి. ఆ క్షణంలో సర్దబోయి కాషాయ, తెలుపు, ఆకుపచ్చ వలయాన్ని చింపుకున్నవాళ్ళు ఎందరో. ఫ్యాను ఆపేసి, గది తలుపేసి, వెళ్ళి పడుకోండి. పొద్దున లేచి చూస్తే ముడతలన్నీ పోయి, రేకుల గీతల్లోకి దిగిపోయి, రంగుతో రాసినట్టే ఉంటుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పొద్దు అదే. మెరుపు ఇంకా అక్కడక్కడా మిగిలితే సన్న సూదితో గుచ్చి మళ్ళీ ఒక చుక్క సాఫ్ట్‌నర్.

క్యానోపీ ఫెవిక్విక్ ఆవిరికి మసకబారింది. ఊడదీసి, లోపలివైపు 2000 పైబడిన పేపర్‌తో, తర్వాత పాలిష్ కాంపౌండ్‌తో ఓపిగ్గా రుద్దండి, తేటపడుతుంది. ఈసారి అతికించేది ఫెవికాల్‌తో. అది ఆరితే పారదర్శకంగా ఉంటుంది, పొగ రాదు.

తమాషా ఏమిటంటే క్యానోపీకి మంచిదైన ఆ ఫెవికాలే ముక్కులోని సీసానికి చెడ్డది. మీకు చెప్పినవాళ్ళు నిజమే చెప్పారు. తెల్ల జిగురులో చిక్కుకున్న సీసం ఏళ్ళు గడిచేకొద్దీ తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది. ఎప్పుడో ఒకరోజు ముక్కు అతుకు పగిలి చేతికొస్తుంది. ఎయిర్ ఇన్‌టేక్‌లోని కోను ఇంకా అతికించకపోతే ఆ గుళ్ళు ఇప్పుడే పెరికేసి, అరాల్డైట్‌తో మళ్ళీ పెట్టండి. మీకు సీసం గుళ్ళు ఎక్కడ దొరికాయో రాయలేదు గానీ, జువ్వలదిన్నె వైపు వలలకి కట్టేవి చవగ్గా దొరుకుతాయి, సుత్తితో కొడితే ఏ ఆకారంలోకైనా వస్తాయి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, పిల్లాణ్ణి ముట్టుకోనివ్వొద్దు. కోను అతికించేసి ఉంటే మాత్రం వదిలేయండి. దానికోసం ముక్కు పగలగొట్టే పని పెట్టుకోవద్దు.

వాసన గొడవలో నా ఓటు మీ ఆవిడకే. లక్కర్ థిన్నర్ ఆవిరి ఊపిరితిత్తులకీ తలకీ మంచిది కాదు, పైగా అంటుకునే సరుకు. గుడ్డ మాస్కు దుమ్ముని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. అట్టపెట్టె ఒకటి తీసుకుని వెనకాల ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, గొట్టం కిటికీ బయటికి పెట్టండి. స్టవ్ వెలిగే చోటికి దూరంగా ఉండాలి. వీలైతే రంగులు ఆల్కహాల్‌తో పలచబడే యాక్రిలిక్స్‌కి మార్చుకోండి. పెద్దవాళ్ళు మధ్యాహ్నం పడుకునే ఇంట్లో కంప్రెసర్ మోత కూడా గొడవలో భాగమేమో చూసుకోండి, వాసన అని అంటారు గానీ ఒక్కోసారి విసుగు దేనిమీదో. ఆవిడ మీకు మరదలు కూడా కాబట్టి చిన్నప్పటి నుంచీ మీ సంగతి తెలిసిన మనిషే, ఆదివారం పొద్దున ఫలానా గంటల నుంచి ఫలానా గంటల దాకా అని చెప్పి, ఆ టైమ్ దాటకుండా లేవండి. మామయ్యకి ఇచ్చే బహుమతి గురించి ఆయన కూతురితో రోజూ పోట్లాడటం ఏం బాగుంటుంది?

సరదా మానుకోవాలా అని అడిగారు. రోజంతా వేరేవాళ్ళ లెక్కలు సరిచూసే మనిషికి, ఒక్క గంట ఏ ఫోనూ ఎత్తకుండా ఒక చక్రానికి రంగు వేసుకుంటూ కూర్చునే చోటు ఉంది. టేపు మెల్లగా లాగితే కింద గీత కత్తితో కోసినట్టు వచ్చినప్పుడు మీ అంతట మీరే నవ్వుకుని ఉంటారు, నాకు తెలుసు. దాన్ని ఎందుకు మానుకుంటారు? మీకు విసుగొచ్చింది ఈ ఒక్క మోడల్ మీద. దీన్ని పక్కన పెట్టి నెలరోజులు వేరే చిన్నది ఏదైనా పెట్టెలో ఉన్నది ఉన్నట్టు చేయండి. ఇత్తడి లేకుండా, పుస్తకం తెరవకుండా. చేతికి మళ్ళీ నమ్మకం వస్తుంది. అప్పుడు మిగ్ దగ్గరికి రండి.

మీవాడికి ఆ పదకొండు పెట్టెల్లోంచి 1/72ది చవకది ఒకటి ఇచ్చేయండి. ఆ స్కేల్‌లో ఆరడుగుల మనిషి అంగుళం ఉంటాడు, పిల్లలకి ఆ లెక్క భలే పట్టుబడుతుంది. జిగురు మీరు దగ్గరుండి రాయించండి, రంగు వాడికి నచ్చింది బ్రష్‌తో వేసుకోనివ్వండి, ఎగరేసి విరగ్గొట్టుకోనివ్వండి. విరిగింది అతికించడం నేర్చుకుంటాడు.

చివరిగా మీరు అడగని ఒక మాట. మిగ్ ముక్కు మీద పొడుగ్గా ముందుకి పొడుచుకొచ్చే పిటోట్ గొట్టం ఉంటుంది కదా, కిట్‌లో వచ్చే ప్లాస్టిక్‌ది ఎలాగూ విరుగుతుంది. మెడికల్ షాపులో ఇంజెక్షన్ సూదులు రెండు సైజులు తెచ్చి, సన్నదాన్ని లావుదాంట్లో దూర్చితే అచ్చం అలాగే ఉంటుంది, విరగదు. మొన మాత్రం ముందే అరగదీయండి. రంగులు, డీకల్స్, వార్నిష్ అన్నీ అయ్యాక, మామయ్య ఇంటికి తీసుకెళ్ళే ముందురోజు అతికించండి. బస్సులో అయితే ఒళ్ళో పెట్టుకోవాలి, లగేజీలో వేయొద్దు. కారులో అయితే ఎండలో నిలిపి, అద్దాలు మూసి టిఫినుకి దిగొద్దు. రెక్కలు వంగిపోతాయి.